నిప్పు ముట్టించకముందే వేయాల్సిన లెక్క
(సూరత్‌లోని తెలుగు సిబ్బంది కుటుంబాల వేసవి విందు సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండో శనివారం సాయంత్రం మన టెర్రస్ మీద బార్బెక్యూ పెట్టుకుంటున్నాం. ఏర్పాట్ల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. సర్క్యులర్‌లో లాగా ముందు 'పర్యావరణహిత' అనే మాట కూడా తగిలించారు. నేను మాత్రం పోయినేడాది జరిగిన దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

పోయినేడాది 60 మంది వస్తామన్నారు. వచ్చింది 41 మంది. 'ఎందుకైనా మంచిది' అని మేము 70 మందికి మసాలా కలిపాం. రాత్రి పదకొండున్నరకు 9 నల్ల సంచులు తేలాయి. ఆఖరి సంచి నేనే కట్టాను. మిగిలిన చికెన్, పెరుగన్నం, పేపర్ కప్పులు, కాల్చిన వెదురు పుల్లలు అన్నీ అందులోనే. తెల్లవారి, తడి చెత్త పొడి చెత్త కలిసి ఉంటే బండి వాళ్లు తీసుకోరని, మన మెట్లు ఊడ్చే మాసీ కూర్చుని చేత్తో వేరు చేసింది. ఒక పుల్ల అరచేతిలో దిగింది. నాలుగు రోజులు చీపురు పట్టలేకపోయింది. ఆ నాలుగు రోజుల డబ్బు మనమే ఇచ్చాం, అది వేరే సంగతి. ఆమె నాతో అన్నది ఒక్కటే మాట: "సాహెబ్, పుల్లలు విడిగా కట్టినా సరిపోయేది."

క్యాష్ కౌంటర్లో పది రూపాయల తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చునే వాణ్ని నేను. ఆ సంచిలో ఏముందో చూడకుండా ముడేశాను.

ఈ ఊళ్లో చెత్త సంగతి తేలికగా తీసుకునేది కాదు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు భయం పుట్టినప్పుడు లక్షల మంది ఊరు వదిలిపోయారు. లింబాయత్‌లో మగ్గాలు నడిపిన మన పద్మశాలి పెద్దాయన ఒకరు మా బ్రాంచికి వస్తుంటారు. పిల్లల్ని చంకనేసుకుని రైలెక్కిన ఆ రాత్రి గురించి ఇప్పటికీ చెబుతారు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు గారు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చి, అధికారులను ఏసీ గదుల్లోంచి రోజూ వీధుల్లోకి పంపారు. అదే ఊరు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. ఆ పేరు నిలబెట్టేది రోజూ పొద్దున్నే చీపురు పట్టే చేతులే.

సరే, ఈసారి లెక్క. పేర్ల జాబితా బుధవారం రాత్రి తొమ్మిదికి మూసేస్తాం. శుక్రవారం ఫోన్ చేసి "మా బావమరిది కూడా వచ్చాడు" అంటే రమ్మంటాం, కాదనం, కానీ సరుకు పెంచం. పెద్దవాళ్లకు మనిషికి 150 గ్రాముల చికెన్, అంతే. కూరగాయలు, పనీర్, రొట్టె, పెరుగన్నం ఎలాగూ ఉంటాయి. చికెన్‌కి మసాలా పట్టించాక సగం ఫ్రిజ్‌లోనే ఉంచుతాం. మొదటి సగం అయిపోయి, ఇంకా అడిగేవాళ్లుంటేనే రెండో సగం పైకి వస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్నది మర్నాడు ఎవరింట్లోనైనా కూర అవుతుంది. నిప్పుల మీదికెక్కి చల్లారి, మే నెల ఉక్కలో గంటలు గంటలు ప్లేట్లో పడున్నది చెత్తబుట్టకే. పోయినేడాది 9 సంచుల్లో సగానికి పైగా తిండే.

శాకాహారం పొయ్యి వేరు, మాంసాహారం పొయ్యి వేరు. పక్క వింగ్‌లో జైన కుటుంబాలున్నాయి కాబట్టి గాలి ఎటు వీస్తోందో చూసి పెడదాం. అసలు నన్నడిగితే నిప్పుల మీద రాజు వంకాయే. మనం కాల్చి పచ్చడి చేస్తాం, వీళ్లు 'ఓళో' చేస్తారు. చలికాలంలో వల్సాడ్ హైవే మీద ఉంబాడియుం తిన్నారా? మట్టి కుండలో ఆకులు పరిచి, చిక్కుళ్లు, దుంపలు నింపి, మూతి కింద పెట్టి, చుట్టూ ఎండుటాకులు, పిడకలు కాలుస్తారు. నూనె చుక్క ఉండదు, నీళ్లుండవు. ఉంధియుం అనే పేరు కూడా తలకిందులు అన్న మాటలోంచే పుట్టింది. ఆ చిక్కుళ్లు ఇప్పుడు దొరకవు కానీ కిటుకు మనకు పనికొస్తుంది: మూత పెడితే వేడి అంతగా బయటికి పోదు, తక్కువ బొగ్గుతోనే పని అవుతుంది. అందుకే ఈసారి మూతున్న గ్రిల్ తెప్పిస్తున్నాం. చివర్లో నిప్పులు నీరసించాక పచ్చి మామిడికాయలు పడేద్దాం. షర్బత్‌కి వేరే స్టవ్ అక్కర్లేదు.

బొగ్గు విషయంలో ఒక మాట. కట్టెను బొగ్గు చేసేటప్పుడే దానిలోని శక్తి చాలా భాగం పోతుంది, కాబట్టి ఊరికే కాల్చకూడదు. కచ్ నుంచి వచ్చే 'గాండో బావళ్' బొగ్గు అడిగి కొందాం. గాండో అంటే పిచ్చి. మన సర్కారు తుమ్మే అది. అక్కడ బన్నీ గడ్డి మైదానాలను ఆక్రమించింది, కొట్టినా మళ్లీ మొలుస్తుంది. నిప్పు అందుకోవడానికి కొబ్బరి చిప్పలు చాలు, కిరోసిన్ వద్దు. అయ్యాక నీళ్లు పోయకండి. ఇనుప డబ్బాలో వేసి మూత బిగిస్తే గాలాడక ఆరిపోతాయి, సగం కాలిన బొగ్గు మళ్లీ వాడుకోవచ్చు. ఆ డబ్బా మర్నాటిదాకా టెర్రస్ మీదే ఉండాలి. వాన వచ్చినా, ఏమొచ్చినా, గ్రిల్‌ని గదిలోకో మూసిన బాల్కనీలోకో తేవద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

ప్లేట్ల దగ్గర మా ఇంట్లోనే గొడవైంది. మా ఆవిడ స్టీలు కంచాలంది, నేను గిన్నెలు తోమేదెవరన్నాను. "ఎవరి కంచం వాళ్లు తోముకుంటారు, మీరు మీది తోముకోండి" అంది. కాబట్టి ఎవరి కంచం, గ్లాసు, చెంచా వాళ్లు తెచ్చుకోవాలి. అతిథులకు మోదుగాకు విస్తళ్లు. మోదుగను ఇక్కడ ఖాఖరో అంటారు, విస్తళ్లు 'పతరాళా' అని అడిగితే దొరుకుతాయి. కొన్నిటికి లోపల ప్లాస్టిక్ పొర అంటిస్తున్నారు, గోరుతో గీకి చూసి కొనండి. వెండి రంగు పేపర్ ప్లేట్లదీ అదే కథ, ఎరువుకీ పనికిరావు, పాత కాగితాల వాడూ తీసుకోడు. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు 2022 జులై 1 నుంచి నిషేధంలోనే ఉన్నాయి. షాపులో దొరుకుతున్నాయన్నది మనకు సాకు కాదు.

పుల్లల బదులు స్టీలు చువ్వలు 40 కొన్నాం. వెళ్లేటప్పుడు లెక్కపెట్టి తీసుకునే బాధ్యత పిల్లలది. 40 తేలేదాకా ఐస్‌క్రీం లేదు. తడి చెత్తకు ఒక డ్రమ్ము, పొడి చెత్తకు ఒకటి, ఎముకలకు మూతున్న బకెట్ మెట్ల దగ్గరే ఉంటాయి. రాత్రి వాటిని కట్టి కిందికి దించేది నేనూ, మన క్యాషియర్ గారూ.

సాయంత్రం ఆరున్నరకు నిప్పు ముట్టిస్తాం. పేర్లు బుధవారంలోగా ఇవ్వండి. మాసీ వాళ్లింట్లో నలుగురు, వాళ్ల పేర్లు జాబితాలో ముందే రాశాను.