పట్టాకు దారి: చివరి మెట్టు నుండి లెక్కించండి

(వార్షికోత్సవ సభలో యువజనులనుద్దేశించి చేసిన ప్రసంగపాఠం)



గణితశాస్త్రమో కంప్యూటర్ సైన్సో ప్రధానాంశంగా ఎంచుకొని అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుతున్నవారు, ఈ యేడు చేరబోతున్నవారు మీలో ఎందరో ఉన్నారు. ఆ శాస్త్రాల గొప్పతనం మీకు నేను చెప్పనక్కరలేదు. పట్టా చేతికి రావడానికి విశ్వవిద్యాలయం విధించే నియమాలను గురించి మాత్రం కొన్ని మాటలు మనవి చేస్తాను. తెలివితేటలుండి కూడా ఈ నియమాల దగ్గర తడబడితే ఒక యేడాది కాలమూ, తల్లిదండ్రులు చెమటోడ్చి కూడబెట్టిన ధనమూ వృథా అవుతాయి.

ముందుగా ఒక చిన్న లెక్క. సెమిస్టరు పద్ధతి గల విశ్వవిద్యాలయాలలో పట్టాకు సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. పూర్తికాల విద్యార్థి అనిపించుకోవడానికి సెమిస్టరుకు 12 చాలు. కాని 12 చొప్పున ఎనిమిది సెమిస్టర్లు చదివితే వచ్చేవి 96 మాత్రమే. ఇంకా 24 క్రెడిట్లు, అంటే దాదాపు ఒక యేడాది చదువు, మిగిలిపోతుంది. సగటున 15 చొప్పున చదివినవారే నాలుగేళ్లలో గమ్యం చేరుతారు.

అయితే ఇల్లలకగానే పండుగ కాదు. క్రెడిట్లు నిండినా, కావలసిన కోర్సులు కావలసిన వరుసలో పూర్తికాకపోతే పట్టా రాదు. గణితంలో ఒక దారి చూడండి: మొదటి కాల్క్యులస్, రెండవ కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, నిరూపణలు రాయడం నేర్పే కోర్సు, రియల్ అనాలిసిస్ మొదటి భాగం, దాని రెండవ భాగం. ఒకదాని తరువాతనే మరొకటి చదవాలని నియమమున్నచోట ఈ ఆరు మెట్లకు ఆరు సెమిస్టర్లు పట్టవలసిందే. పై స్థాయి కోర్సులు కొన్నింటిని యేడాదికి ఒక్కసారే బోధిస్తారు. అప్పుడు ఒక్క సెమిస్టరు ఆలస్యం పూర్తి యేడాది ఆలస్యమవుతుంది. కంప్యూటర్ సైన్సులో ప్రోగ్రామింగ్ తరువాత డేటా స్ట్రక్చర్స్, ఆ తరువాత ఆల్గారిథమ్స్. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌ను తరువాత చూద్దామని పక్కన పెట్టినవారికి సాధారణంగా ఆల్గారిథమ్స్ తలుపు దగ్గర అడ్డు తగులుతుంది.

దీనికి ఉపాయం మీ శాస్త్రంలోనే ఉంది. ఒక కాగితంపై ప్రతి కోర్సునూ చుక్కగా పెట్టి, ముందు చదవవలసినదాని నుండి తరువాతిదానికి బాణం గీయండి. ఆ బాణాల వెంట వెళ్లే అతి పొడవైన వరుసలో ఎన్ని కోర్సులుంటే మీకు కనీసం అన్ని సెమిస్టర్లు కావాలి. చివరి కోర్సు నుండి వెనక్కి లెక్కిస్తే, ఈ సెమిస్టరులో ఏది తప్పక చదవాలో, ఏది ఆగగలదో తేటతెల్లమవుతుంది.

సాధారణంగా మీరు చేరిన సంవత్సరపు నియమావళే మీకు వర్తిస్తుంది. రెండేళ్లు ముందు చేరిన అన్నయ్యో అక్కయ్యో చెప్పిన మాట వారి నియమావళికి నిజమై, మీకు కాకపోవచ్చు. డి గ్రేడు క్రెడిట్లు తెచ్చిపెట్టినా, ప్రధానాంశపు కోర్సులలో సి తప్పనిసరి అనే శాఖలు అనేకం. మినహాయింపు ఇస్తామని సలహాదారు చెబితే, సవినయంగా ఈమెయిలులో రాయించుకోండి.

మీలో చాలామంది హైస్కూలులోనే ఏపీ కాల్క్యులస్‌లో 5 తెచ్చుకొని వస్తారు. సంతోషం. దానితో ఒకటి రెండు మెట్లు దాటవచ్చు. అయితే దాటే ముందు ఆ కోర్సు పాత ప్రశ్నపత్రాన్ని ఎదుట పెట్టుకొని మీరే రాసి చూడండి. పునాది గట్టిగా ఉంటే నిస్సంకోచంగా ముందుకు సాగండి. లేనిచోట దాటడం నేల విడిచిన సాము.

ఇక అసలు విషయం. నిరూపణల కోర్సు దగ్గర గణితం తీరే మారుతుంది. అంతవరకు జవాబు ఎంత అని అడిగిన శాస్త్రం, అక్కడినుండి ఎందుకు అని అడుగుతుంది. బడిలో ఎప్పుడూ ప్రథమ స్థానంలో నిలిచినవారికి తొలిసారి తక్కువ మార్కులు వచ్చేది తరచుగా అక్కడే. ఇంట్లో చెప్పడానికి నోరు రాదు. ఆ మౌనంలో కోర్సు నుండి విరమించుకొనే గడువు దాటిపోతుంది. గడువులోగా విరమిస్తే మార్కుల పత్రంలో డబ్ల్యూ అన్న అక్షరం ఉంటుందే తప్ప, సాధారణంగా సగటు తగ్గదు. ఎఫ్ వస్తే తగ్గుతుంది. అయితే క్రెడిట్లు తగ్గితే ఆర్థిక సహాయంపై ప్రభావముంటుందేమో ముందు విచారించండి. ఆచార్యుని కార్యాలయానికి మూడవ వారంలోనే వెళ్లండి. పదమూడవ వారంలో వెళ్లడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

దారి మార్చుకోవడం అవమానం కాదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో స్నాతకోత్తర విద్య పూర్తిచేసి, ఆపై కలకత్తా విశ్వవిద్యాలయంలో సంఖ్యాశాస్త్రంలో 1943లో ఎం.ఎ. పొందారు. క్రామర్–రావు అసమానతను నేడు ప్రపంచమంతటా బోధిస్తున్నారు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్లలు ఫోను చేసినప్పుడు గ్రేడు ఎంత అని అడిగే ముందు, ఈ సెమిస్టరులో ఏది కష్టంగా ఉందని అడగండి. పిల్లలారా, ఆ ప్రశ్న కోసం ఎదురుచూడకుండా మీరే చెప్పండి. ఈ వారంలోనే మీ నియమావళి తెరిచి, బాణాల పటం గీసి, ఇంట్లో అందరికీ చూపించండి.

మీ చదువు నిర్విఘ్నంగా సాగాలని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను. శుభమస్తు.