రొమ్ము క్యాన్సరు: జన్యువుల పాత్ర



గోదావరిఖని కార్మికుల ఇండ్లలో ఎవరికైన రొమ్ము క్యాన్సరు బయటపడినచో, పలుకరించ వచ్చినవారు లోగొంతుకతో అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇది కూతురికి కూడ వచ్చునా?" పెండ్లికెదిగిన పిల్లలున్న ఇండ్లలో ఈ ప్రశ్నకు జడిసి వ్యాధినే దాచువారు కలరు. కనుక నేడు దీనికే సమాధానము చెప్పదలచితిమి.

రాచపుండని పెద్దలు పిలిచిన ఈ వ్యాధి అంటుకొనునది కాదు. రొమ్ము క్యాన్సరు వచ్చిన ప్రతి 100 మందిలో 5 మొదలు 10 మందికి మాత్రమే అది వంశానుగతమైన జన్యులోపమువలన కలుగుచున్నది. అట్టి జన్యువులలో ముఖ్యమైనవి బీఆర్‌సీఏ 1, బీఆర్‌సీఏ 2. మొదటిదాని స్థానమును 1990లో మేరీ క్లేర్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు 17వ క్రోమోజోముపై గుర్తించిరి.

బొగ్గుబావిలో కప్పు కూలకుండ ఆధారములు నిలుపు టింబర్‌మన్ వంటివి ఈ జన్యువులు. కణములోని జన్యుపదార్థము తెగినచోట మరమ్మతు చేయుట వీని పని. అది కుంటుపడినచో తప్పులు పేరుకొని కణము అదుపు తప్పవచ్చును. ఈ లోపము తల్లినుండియే కాక తండ్రినుండియు రాగలదు. బిడ్డలలో ఒక్కొక్కరికి సంక్రమించుటకు సగము అవకాశము. కావున మేనత్తకు వచ్చిన జబ్బును గూడ వైద్యునికి చెప్పవలెను. కోడలి పుట్టింటిని నిందించుట అన్యాయము.

వ్యాధి ఇతర అవయవములకు ప్రాకుటలో గూడ జన్యువుల ప్రమేయము కలదు. కణితిలో హెర్-2 జన్యువు ప్రతులు మితిమీరినచో అది వేగముగా పెరిగి వ్యాపించును. ఇది వంశమునుండి వచ్చినది కాదు, కణితిలోనే కలిగిన మార్పు. దీనిని ఎదుర్కొను మందునకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. కొలెస్టరాలుతో సంబంధముగల పీసీఎస్‌కే 9 అను జన్యువులో పుట్టుకతో వచ్చు ఒక భేదము వ్యాప్తికి తోడ్పడుచున్నదని 2024లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ఐరోపా సంతతి స్త్రీలలో కనుగొన్న ఆ అంకెలను మన స్త్రీలకు యథాతథముగా అన్వయింపరాదు.

గనిలో కప్పును తట్టి చూచి, బోలు చప్పుడు వినవచ్చినచో ఆ చోట పని ఆపింతురు. కూలువరకు వేచియుండరు. రొమ్ములో గడ్డ తగిలినపుడును అంతే. నొప్పి లేదని ఊరకుండరాదు. సింగరేణి ఏరియా ఆసుపత్రి ఊరిలోనే కలదు.

కూతురికి వచ్చునా? పెక్కు కుటుంబములలో దోషము వంశములో ఉండదు. ఉన్నచోట ముందుగా తెలిసినచో ఆమె తగిన పరీక్షలతో జాగ్రత్తపడగలదు. తల్లి వ్యాధిని దాచినచో ఆ రక్షణను కూతురికి లేకుండ చేసినవారమగుదుము.