చేప జబ్బు ఎవరి లెక్కలోకి వస్తుంది?

(వెంకటాచలంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెరువులో చేపలు చచ్చి తేలితే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. అధికారులు వచ్చి నీళ్లు సీసాల్లో పట్టుకుపోతారు. చావకుండా జబ్బుతో బతుకుతున్న చేప కోసం మాత్రం ఎవరూ రారు. అది వలలో పడుతుంది, తట్టలోకి ఎక్కుతుంది, పులుసవుతుంది. నేను మాట్లాడదలచుకున్నది ఆ చేప గురించీ, దాన్ని పట్టి, అమ్మి, వండి, తినే ఆడవాళ్ల గురించీ.

సీసం, కాడ్మియం, పాదరసం, క్రోమియం లాంటి వాటిని భారలోహాలంటాం. ఆర్సెనిక్‌నీ వీటితోనే కలిపి లెక్కిస్తారు. ఇవి మురుగులాగా కుళ్లి విరిగిపోవు. అడుగు బురదలోకి దిగి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. చేపలో మొదట దెబ్బతినేది మొప్పలు. వాటి మీద జిగురు పేరుకుని, పొరలు వాచి, నీటిలో ప్రాణవాయువు ఉన్నా చేపకు సరిగ్గా అందదు. కాడ్మియం కాల్షియం లోపలికి పోయే దారిని అడ్డుకుంటుంది. లోహాలను పట్టి ఉంచే కాలేయం, మూత్రపిండాలు చివరకు తామే పాడవుతాయి. గుడ్లు తగ్గుతాయి, పిల్లల్లో వెన్ను వంకరలు కనిపిస్తాయి. పాదరసం తీరు మరీ ప్రమాదకరం. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. పురుగుల నుంచి చిన్న చేపకూ, చిన్న చేప నుంచి కొర్రమీనుకూ పోతున్నకొద్దీ దాని మోతాదు పెరుగుతుంది. ఎంత ఉడికించినా పోదు.

మన తెలుగు నేల మీద దీనికి పాఠం పటాన్‌చెరు. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి, చెరువులు పాడయ్యాయి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనం ఆ ప్రాంతపు మట్టిలో క్రోమియం, సీసం, ఆర్సెనిక్ వంటివి మితిమీరి ఉన్నాయని చూపింది. ప్రజలు ఊరుకోలేదు. స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001లో హైకోర్టుకూ, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కూ చేరి, 2017లో గానీ తేలలేదు. ఒక ఆడపిల్ల పుట్టి, పెరిగి, తల్లయ్యేంత కాలమది.

ఆ పోరాటంలో పరిహారం ప్రధానంగా పాడైన పొలాలకు, పంటలకు లెక్క కట్టారు. పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్లకు. మన ఊళ్లలో పట్టా ఎక్కువగా మగవాడి పేరునే కదా ఉండేది! చెరువు గట్టున తట్ట పెట్టుకుని చేపలమ్మే ఆమెకు ఎకరాలు లేవు. అందుకని ఆమె నష్టం నష్టమే కాకుండా పోతుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. పక్కనున్న ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. మూడు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. బొగ్గు కాలితే మిగిలే బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం ఉంటాయి. పాదరసం కొంత పొగలో పోతుంది. బూడిద ఉన్న ప్రాంతంలో చెరువులనూ కాలువలనూ క్రమం తప్పకుండా పరీక్షించమనడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. కాలువల్లో, చెరువుల్లో చేపలు పట్టి బతికే యానాది కుటుంబాలకు ఆ నీళ్లే పొలం. చిన్న పరిగెలను పొట్ట తీయకుండా కూర వండుకునే ఇంట్లో చేప కాలేయం కూడా కంచంలోకే వస్తుంది.

ఆడవాళ్ల ఒంటి సంగతి ఇంకొకటి. రక్తంలో ఇనుము తక్కువైతే శరీరం సీసాన్నీ కాడ్మియాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎముకల్లో దాగిన సీసం గర్భంతో ఉన్నప్పుడూ, పాలిచ్చేటప్పుడూ మళ్లీ రక్తంలోకి వస్తుంది. జపాన్‌లో మినమాటా జబ్బు 1956లో బయటపడింది. పాదరసమున్న చేపలు తిన్న తల్లులు కొందరు పైకి ఆరోగ్యంగానే కనిపించారు. విషం మాత్రం మాయ దాటి కడుపులో బిడ్డను చేరింది. అలాంటి బిడ్డను కన్నప్పుడు మన సమాజం నిందించేది ఫ్యాక్టరీనా, తల్లినా?

దీనికి జవాబుగా "గర్భిణులు చేపలు తినవద్దు" అని ఓ కరపత్రం వేసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోకూడదు. పేదింట్లో చవగ్గా దొరికే మంచి మాంసకృత్తులు చేపలోనివే. దాన్ని తినే హక్కును కాపాడాలి గానీ, తినే ఆమెను కాదు కట్టడి చేయాల్సింది.

మనం అడగాల్సినవి ఇవి. ఒకటి, నీటితో పాటు అడుగు బురదనూ, చేప మొప్పలనూ, కాలేయాన్నీ, కండనూ పరీక్షించాలి. తాగునీటి ప్రమాణంలో లీటరుకు సీసం 0.01, కాడ్మియం 0.003, పాదరసం 0.001 మిల్లీగ్రాములకు మించకూడదు. నీళ్లు ఈ పరీక్ష నెగ్గినా బురదలో, చేపలో లోహం పేరుకుని ఉండొచ్చు. రెండు, ఫలితాలను తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. పెట్టకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలికి దరఖాస్తు పెడదాం. మూడు, నష్టం జరిగిన చోట చేపలు పట్టే, అమ్మే స్త్రీల పేర్లు పరిహారం జాబితాలో వేరుగా రాయాలి.

వల వేసే ఆమెకు, చేపలు కోసే ఆమెకు మొప్పల రంగూ, పొట్టలో వాపూ అందరికన్నా ముందు తెలుస్తాయి. ఆ చూపుకు జ్ఞానంగా విలువ ఇవ్వాలి. ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని, ఏ చెరువు, ఏ తారీకు, ఏ చేప, ఏం కనిపించింది అని నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. కోర్టుకు వెళ్లే రోజు వస్తే సాక్ష్యం మన చేతిరాతలో ఉంటుంది.