పంచాయతీ ట్రాక్టరు నిలిచిపోయినపుడు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకప్పుడు ట్రాక్టరు పెద్ద రైతుల ఇండ్లలో మాత్రమే కనిపించు వస్తువు. 2019లో పల్లె ప్రగతి ప్రారంభమైన పిదప తెలంగాణలో అది గ్రామ పంచాయతీల సొత్తు కూడ అయినది. చెత్త ఎత్తుటకును, మొక్కలకు నీరు పోయుటకును దానిని వినియోగించిరి. అట్టి ట్రాక్టరు ఒక వారము నిలిచినచో వీధులలో చెత్త పేరుకొనును. నాటిన మొక్కలు ఎండును. మరమ్మతు ఖర్చు గ్రామస్థుల సొమ్ము నుండియే పోవును. ఇంజను విప్పుట సభ్యుల పని కాదు. కాని ఏది ముందు చూడవలెనో, ఏది తరువాత చూడవలెనో తెలిసియుండుట సభ్యుల పనియే.

మేము చూచిన ఒక సంగతి మనవి చేసెదము. ఒక గ్రామమున ట్రాక్టరు ఉదయము చక్కగా బయలుదేరును. పావుగంట నడచి ఆగిపోవును. కొంతసేపు ఊరక ఉంచినచో మరల నడచును. ఇంజెక్షను పంపు చెడినదని తలచి, దానిని ఊడదీసి పట్టణమునకు పంపిరి. పదకొండు దినములు గడచినవి. పంపు తిరిగి వచ్చినది. ట్రాక్టరు మరల పావుగంటకే ఆగినది. తుదకు డ్రైవరు డీజెలు ట్యాంకు మూత తీయగా, బుస్సుమని గాలి లోనికి పోయినది. మూతలోని సన్నని రంధ్రము మట్టితో పూడిపోయియుండెను. డీజెలు దిగినకొలది ట్యాంకులోనికి గాలి చేరవలెను. ఆ దారి మూసికొనిపోగా డీజెలు దిగుట మానినది. సన్నని తీగతో ఆ రంధ్రమును శుభ్రము చేయుటతో బాధ తీరినది.

డీజెలు ఇంజనులో నిప్పురవ్వతో పని లేదు. గాలిని గట్టిగా అదుముటచే అది 500 డిగ్రీలకు పైగా వేడెక్కును. ఆ వేడిలో సన్నని తుంపరగా చిమ్మిన డీజెలు తనంతట మండును. కావున శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజెలు, చాలినంత అదుము, ఈ మూడును ఉండవలెను. ఖర్చు లేని పరీక్షలలో పెక్కు మొదటి రెండింటికి సంబంధించినవే.

ఇంజను కదలనిచో మొదట ట్యాంకులో డీజెలు, ఇంజను ఆపు మీట, బ్యాటరీ కొసలు చూడవలెను. కొసలపై తెల్లని పొడి పట్టినచో వేడినీటితో కడిగి, ఆరిన పిదప బిగించి, వ్యాసలైను రాయవలెను. పిదప ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. డీజెలు పూర్తిగా అయిపోయిన తరువాత గొట్టములలో గాలి చేరును. అప్పుడు ఫిల్టరుపై నున్న స్క్రూను కొద్దిగా వదులు చేసి, ఫీడు పంపు చేతిమీటను ఆడించవలెను. మొదట బుడగలు వచ్చును. బుడగలు లేని ధార వచ్చినంతనే స్క్రూను బిగింపవలెను. ఇంజెక్షను పంపు వద్దను ఇట్లే చేయవలెను. ఇవి అన్నియు చూచిన పిదపనే మెకానిక్కును పిలువవలెను.

పొగ రంగు కూడ చాల సంగతులు చెప్పును. నల్లని పొగ వచ్చినచో గాలి చాలలేదనియో, బరువు మించినదనియో అర్థము; ముందు ఎయిరు క్లీనరు చూడవలెను. నీలి పొగ ఇంజను ఆయిలు మండుచున్నదని తెలుపును. చలి ఉదయమున కొద్దిసేపు తెల్లపొగ వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన పిదపను ఆగక వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో, వెంటనే ఇంజను ఆపి మెకానిక్కుకు చూపవలెను.

ఇక హైడ్రాలిక్కు లిఫ్టు. అది బరువు ఎత్తనిచో ముందు ఆయిలు మట్టము, తరువాత ఆయిలు జల్లెడ, ఆ తరువాత గొట్టముల అతుకులు చూడవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో దానిలో నీరు కలిసినదని గ్రహింపవలెను. ఎత్తిన బరువు ఇంజను ఆపగానే మెల్లగా దిగుచున్నచో లోపలి సీలు గాని, వాల్వు గాని కారుచున్నదని తలచి నిపుణునకు అప్పగింపవలెను.

ఒక మాట మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. హైడ్రాలిక్కు ఒత్తిడిని నమ్మి పైకెత్తిన ట్రాలీ క్రిందకు ఎవ్వరును దూరరాదు. దృఢమైన ఆధారము పెట్టిన పిదపనే దూరవలెను. ఆయిలు కారుచోటును చేతితో తడమరాదు. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. అట్ట ముక్కతో చూడవలెను. ఒంటికి ధార తగిలినచో గాయము చిన్నదిగా కనిపించినను తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను.

పంచాయతీ చేయదగిన తీర్మానములు మూడు. ట్రాక్టరునకు ఒక పుస్తకము ఉంచి, నడిచిన గంటలు, పోసిన డీజెలు, మార్చిన ఆయిలు, ఫిల్టర్లు వ్రాయించవలెను. ఈ పరీక్షలు చేసినట్లు డ్రైవరు పుస్తకములో వ్రాయనిదే పెద్ద మరమ్మతుకు సొమ్ము మంజూరు చేయరాదు. డ్రైవరునకు శిక్షణ ఇప్పించవలెను. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రముల శిక్షణ సంస్థ కలదు.

ఆ గ్రామమున పదకొండు దినములు వీధులలో చెత్త నిలిచినది ఒక చిన్న రంధ్రము మూలముననే. మీ గ్రామమున ట్రాక్టరు ఆగిన నాడు పానా చేతబట్టుటకు ముందు ట్యాంకు మూత తీసి చూడుడని మా మనవి.