ఆపద్వేళ ఆలస్యము తగదు



లక్ష్మణస్వామి మూర్ఛిల్లినప్పుడు శ్రీరామచంద్రుడు శోకించినాడు. కాని శోకముతో ఆగిపోలేదు. వైద్యుడైన సుషేణుని మాటపై హనుమంతుడు ఓషధీపర్వతమునే పెకలించి తెచ్చినాడు. అవతారపురుషునికే వైద్యుడు కావలసివచ్చినాడు. మనకు సంకోచమెందుకు?

నిర్మల్ పల్లెలలో వానకాలమున వాంతులు, విరేచనములు వచ్చుట మనమెరిగినదే. కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమముగా ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా త్రాగించవలెను. కన్నులు లోతుకు పోయినా, మూత్రము ఆగినా, మలములో రక్తము పడినా, బిడ్డ మగతగా పడియున్నా ఇక ఇంట ఉంచరాదు. 2005లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన 108 వాహనమును వెంటనే పిలువవలెను. స్పృహ ఉన్నంతవరకు దారిలోనూ ఆ నీరు త్రాగించుచుండవలెను.

మ్రొక్కు తరువాత చెల్లించవచ్చును. బాసర తల్లి వేచియుండును. పోవు ప్రాణము వేచియుండదు.