లెక్క ఆగితే మందు ఆగుతుంది

డిగ్రీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఏర్పాటైన మార్గదర్శక సభలో చేసిన ప్రసంగ పాఠం



క్రితం నెల మన స్టడీ సెంటర్‌లో ఎం.కాం. పూర్తి చేసిన ఒక అమ్మాయి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. "చాచా, ప్రపంచ ఆరోగ్య సంస్థ వంటి చోట్ల డాక్టర్లే కదా ఉంటారు? లెక్కలు చదివిన మాకు అక్కడ పనేముంటుంది?" పక్కనే ఉన్న ఆమె తండ్రి నవ్వి, "మెడిసిన్ సీటు రాలేదు కనుకనే కదా కామర్స్‌లో చేర్పించాము" అన్నారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు, నిరాశ ఉంది. అయినా ఆ మాట వినగానే అమ్మాయి తల దించుకుంది. ఈనాటి మా ప్రసంగం ఆ తండ్రీకూతుళ్లకు మేము బాకీపడిన సమాధానం.

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో, అకౌంట్స్ విభాగంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాళ్లము. జెనీవా నగరాన్ని చూసినవాళ్లము కాము. అంతర్జాతీయ సంస్థలో ఉద్యోగం చేసినవాళ్లమూ కాము. కానీ ఓచరు, బిల్లు, ఆడిట్ అనేవి ఏ దేశంలోనైనా ఒకే వంశానికి చెందినవి. ఆ చుట్టరికంతోనే ఈ విషయాన్ని చదివి, తెలుసుకుని మీ ముందుకు వచ్చాము. అందుకు మరొక కారణమూ ఉంది. ముందు అది చెబుతాము.

ఒక సంవత్సరం మార్చి నెలలో పల్స్ పోలియో కార్యకర్తల గౌరవ వేతనపు బిల్లు మా బల్ల మీదికి వచ్చింది. అక్విటెన్స్ రోల్‌లో ముగ్గురి పేర్ల ఎదుట సంతకాలు లేవు. నిబంధన ప్రకారం మేము కొర్రీ వేసి బిల్లు మొత్తాన్నీ తిప్పి పంపించాము. అది సరిదిద్దుకుని తిరిగి వచ్చేసరికి మార్చి 31 దాటిపోయింది. నిధులు మురిగిపోయాయి. కొన్నాళ్లకు ఒక పెద్దావిడ మా కౌంటరు దగ్గరికి వచ్చింది. ఆమె సంతకం రోల్‌లో ఉంది. తప్పు ఆమెది కాదు. "బేటా, ఎండలో గల్లీ గల్లీ తిరిగి చుక్కలు వేసినప్పుడు నన్ను ఎవరూ ఏ కాగితమూ అడగలేదు" అన్నది. మా దగ్గర జవాబు లేకపోయింది.

మేము ఒక్క పైసా తినలేదు. ఏ నిబంధననూ అతిక్రమించలేదు. కానీ ఆ ముగ్గురి పేర్లను పక్కన పెట్టి, మిగిలిన వారి బిల్లును పాసు చేయించే మార్గం ఉన్నదని పై అధికారికి ఒక నోట్ రాయవచ్చు. రాయలేదు. తప్పున్న వరుసను ఆపడానికీ, బిల్లు మొత్తాన్ని ఆపడానికీ ఉన్న తేడా మాకు ఆ రోజు తెలిసివచ్చింది. ప్రజారోగ్య సంస్థలో ఆర్థిక అధికారి నిత్యం నడిచేది ఈ సన్నని గీత మీదనే.

ఇక ఆ పని స్వరూపమేమిటో చూద్దాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948 ఏప్రిల్ 7న ఏర్పడింది. దానికి నిధులు రెండు దారుల్లో వస్తాయి. మొదటిది, సభ్య దేశాలు తమ సంపదను, జనాభాను బట్టి చెల్లించే నిర్ణీత చందా. రెండవది, ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు ఇచ్చే స్వచ్ఛంద విరాళం. నిర్ణీత చందాల వాటా చాలా కాలంగా మొత్తం బడ్జెట్‌లో ఐదవ వంతుకు లోపే ఉంటూ వచ్చింది. మిగిలిన విరాళాల్లో అధిక భాగానికి షరతులుంటాయి. ఫలానా దేశంలో, ఫలానా వ్యాధికి, ఫలానా తేదీలోగా మాత్రమే ఖర్చు చేయాలని ఒప్పందంలో రాసి ఉంటుంది. ఒక పద్దు కింద మంజూరైన సొమ్మును మరొక పద్దుకు మళ్లించరాదన్న మన కార్యాలయాల సూత్రమే అది.

ఒక దేశంలో క్షయ నివారణకు విరాళం వచ్చిందనుకుందాము. ఆర్థిక అధికారి ముందుగా ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవాలి. దానికి ప్రత్యేక ఖాతా సంకేతం కేటాయించాలి. విరాళం డాలర్లలో వస్తుంది, ఖర్చు స్థానిక నాణెంలో జరుగుతుంది. కనుక మారకపు రేటులో వచ్చే హెచ్చుతగ్గులను లెక్కగట్టాలి. ఆ దేశ ఆరోగ్య శాఖకు ఇచ్చిన అడ్వాన్సుకు ఖర్చుల వివరాలు రాబట్టాలి. ప్రతి నెలాఖరున బ్యాంకు నిల్వను పుస్తకపు నిల్వతో సరిపోల్చాలి. గడువు ముగిసేలోగా సొమ్ము మురిగిపోకుండా కార్యక్రమాధికారులను ముందే హెచ్చరించాలి. చివరకు దాతకు నివేదిక పంపాలి. వైద్యుడు రోగికి మందు చీటీ రాస్తాడు. ఆ మందు గోదాముకు చేరిందంటే, దాని వెనుక ఇన్ని లెక్కలు సరిపోయాయని అర్థం.

ఈ పని జెనీవాలోనే జరుగుతుందని అనుకోకండి. ఆ సంస్థకు మలేషియాలోని కౌలాలంపూర్‌లో సేవా కేంద్రం ఉంది. చెల్లింపులకు సంబంధించిన పని ఎంతో అక్కడ సాగుతుంది. ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయం మన న్యూఢిల్లీలోనే ఉంది. మరొక సంగతి విని మేము ఎంతో సంతోషించాము. ప్రపంచ ఆరోగ్య సంస్థకు బాహ్య ఆడిటరుగా మన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను 2019లో ఎన్నుకున్నారు. 2023లో మళ్లీ ఎన్నుకున్నారు. ఏ సంస్థ పేరు వింటే మా సెక్షన్‌లో ఫైళ్లు సర్దుకునేవాళ్లమో, ఆ సంస్థే నేడు ప్రపంచ ఆరోగ్యపు లెక్కలను తనిఖీ చేస్తున్నది.

లెక్క తప్పితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాము. ఎయిడ్స్, క్షయ, మలేరియాలపై పోరాటానికి 2002లో గ్లోబల్ ఫండ్ అనే సంస్థ ఏర్పడింది. 2005 ఆగస్టులో ఆ సంస్థ ఉగాండాకు ఇస్తున్న 5 గ్రాంట్లనూ తాత్కాలికంగా నిలిపివేసింది. నిధుల నిర్వహణలో తీవ్రమైన లోపాలు బయటపడడమే కారణం. నవంబరులో గానీ ఆ నిలుపుదల తొలగలేదు. 2010లో మాలీ దేశంలో 40 లక్షల డాలర్ల దుర్వినియోగం వెలుగుచూసింది. దొంగ బిల్లులు, శిక్షణ శిబిరాల పేరిట పెంచి చూపిన ఖర్చులు అందులో ఉన్నాయి. రెండు మలేరియా గ్రాంట్లు ఆగిపోయాయి, ఒక క్షయ గ్రాంటు రద్దయింది. ఇటువంటి వార్తలు వెలువడిన తరువాత 2011 జనవరిలో జర్మనీ తన విరాళాన్ని కొంతకాలం నిలిపివేసింది. ఒక చోట కొందరు రాసిన దొంగ ఓచర్లకు, దానితో ఏ సంబంధమూ లేని దేశాల రోగులు కూడా భయపడవలసి వచ్చింది.

ఇది నాణేనికి ఒక వైపు. రెండవ వైపు, దొంగతనం ఏదీ లేకపోయినా ఆలస్యమే హాని చేయడం. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వ్యాపించినప్పుడు సియెర్రా లియోన్‌లో మృతదేహాలను ఖననం చేసే సిబ్బందికి అదనపు భత్యం సకాలంలో అందలేదు. ప్రాణాలకు తెగించి పనిచేస్తున్న ఆ మనుషులు సమ్మెకు దిగారు. కెనెమా పట్టణంలో మృతదేహాలను ఆసుపత్రి బయటనే వదిలివేశారు. తాకితేనే అంటుకునే వ్యాధి అది. తరువాత మొబైల్ ఫోన్ల ద్వారా చెల్లింపులు మొదలుపెట్టారు. సగటున నెలకు మించి పడుతున్న చెల్లింపు వారం రోజులకు తగ్గింది. కార్యకర్తల పేర్లను జాబితాలో చేర్చి, ఇద్దరి పేరిట ఒకరు తీసుకోకుండా సరిచూసి, సొమ్ము చేర్చడం కూడా వ్యాధి నియంత్రణలో భాగమేనని లోకానికి అప్పుడు తెలిసింది.

అఫ్ఘానిస్తాన్ సంగతి మరింత బాధాకరం. 2021 ఆగస్టులో అధికారం మారగానే విదేశీ నిధులు నిలిచిపోయాయి. దేశ ఆరోగ్య వ్యవస్థకు ఆధారమైన ఒక పథకం కింద నడిచే 2,300కు పైగా కేంద్రాల్లో కేవలం 17 శాతమే పూర్తిగా పనిచేస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సెప్టెంబరులో ప్రకటించింది. ఆంక్షల భయంతో బ్యాంకులు సొమ్ము పంపడానికి వెనుకాడాయి. ఆ పరిస్థితిలో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ, గ్లోబల్ ఫండ్ సహాయంతో వేలాది మంది ఆరోగ్య సిబ్బందికి నేరుగా జీతాలు చెల్లించింది. మానవతా సహాయానికి అవసరమైన చెల్లింపులు ఆంక్షల ఉల్లంఘన కాబోవని భద్రతా మండలి 2021 డిసెంబరు 22న తీర్మానం చేసింది. ప్రసవం కోసం వచ్చిన తల్లికి ఆ రోజు మంత్రసాని ఉన్నదా లేదా అన్నది, ఒక చెల్లింపు పత్రం సక్రమంగా కదిలిందా లేదా అన్న దానిపై ఆధారపడిన కాలమది.

మన దేశానికి వద్దాము. 2014 మార్చి 27న మన దేశాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ముస్లిం బస్తీల్లో చుక్కల పట్ల అనుమానాలు బలంగా ఉండేవి. ఆ తలుపులు తెరిపించినవారిలో మత పెద్దలు, విశ్వవిద్యాలయాలు, యూనిసెఫ్ ఆధ్వర్యంలో పనిచేసిన సామాజిక కార్యకర్తలు ఉన్నారు. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో అటువంటి కార్యకర్తలు 7,000కు పైగా ఉండేవారు. వారిలో అత్యధికులు స్త్రీలు, అదే వాడల్లో నివసించేవారు. అంతమంది చేతికి చిన్న మొత్తాలను క్రమం తప్పకుండా చేర్చే పని ఏ చరిత్ర పుస్తకంలోనూ కనిపించదు. మా కౌంటరు ముందు నిలబడిన ఆ పెద్దావిడ గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆ కనిపించని పని విలువ మాకు తెలుస్తుంది.

విద్యార్థులారా, ఇప్పుడు దారి సంగతి. ఈ సంస్థల్లో వృత్తి ఉద్యోగాల తొలి మెట్టుకు సాధారణంగా అకౌంటింగ్, ఫైనాన్స్, కామర్స్ వంటి విషయాల్లో డిగ్రీ, కనీసం 2 సంవత్సరాల అనుభవం అడుగుతారు. సి.ఏ. వంటి అర్హత ఉంటే బలం. దేశ కార్యాలయాల్లో ఆ దేశ పౌరులకే కేటాయించిన ఉద్యోగాలూ ఉంటాయి. ఆంగ్లంలో స్పష్టంగా నివేదిక రాయగలగడం తప్పనిసరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు అధికార భాషల్లో అరబ్బీ ఒకటి. మన పిల్లలకు ఆ లిపి చదవడం వచ్చు. చదవడం వేరు, అర్థం చేసుకుని రాయడం వేరు. కానీ మొదటి మెట్టు మీరు బాల్యంలోనే ఎక్కారు. మిగిలిన మెట్లు ఎందుకు ఎక్కకూడదు?

నిజం దాచడం మాకు ఇష్టం లేదు. కాలం గడ్డుగా ఉంది. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుండి వైదొలగుతున్నట్లు ప్రకటించింది. 2026-27కు తొలుత ప్రతిపాదించిన 530 కోట్ల డాలర్ల బడ్జెట్‌ను 420 కోట్లకు తగ్గించుకున్నారు. ఉద్యోగాలూ తగ్గాయి. అందుచేత జెనీవా ఒక్కటే గురిగా పెట్టుకోవద్దు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో జిల్లా స్థాయిలో అకౌంట్స్ ఉద్యోగాలున్నాయి. క్షయ, ఎయిడ్స్ కార్యక్రమాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలున్నాయి. గ్రాంటు లెక్కలు అక్కడ నేర్చుకోండి. ఆ అనుభవమే ముందుకు తీసుకుపోతుంది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఐక్యరాజ్య సమితి సంస్థలు నియామకంలో ఏ దశలోనూ రుసుము వసూలు చేయవు. దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ ఎవరైనా సొమ్ము అడిగితే అది మోసమే. గల్ఫ్ వీసాల పేరిట ఏజెంట్ల చేతుల్లో నగలు పోగొట్టుకున్న ఇళ్లు మన బస్తీల్లో తక్కువ లేవు. ఆ చరిత్ర మళ్లీ రాయవద్దు.

ఆ అమ్మాయి తండ్రి ఈ సభలోనే ఉన్నారు. భాయీ సాబ్, మీ కూతురు చదివింది మిగిలిపోయిన చదువు కాదు. మన ఇళ్లలో అమానత్ అనే మాట పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకరు నమ్మి అప్పగించిన సొమ్మును చెక్కుచెదరకుండా కాపాడాలన్నది అందులో సగం. చేరవలసిన వారికి, చేరవలసిన వేళకు చేర్చాలన్నది మిగిలిన సగం. మేము ఆ మొదటి సగం నెరవేర్చాము, రెండవ సగంలో తప్పిపోయాము. నేడు లెక్కల పుస్తకం చేతబట్టబోతున్న పిల్లలు రెండు సగాలనూ నిలబెట్టాలని మా కోరిక. ఎక్కడ కూర్చున్నా సరే, జెనీవాలోనైనా, జిల్లా కార్యాలయంలోనైనా, మీ బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితం వెనుక ఎండలో నడిచి వచ్చిన ఒక మనిషి ఉన్నదని గుర్తుంచుకోండి. తప్పున్న వరుసను ఆపండి. మిగిలిన బిల్లును ఆ రోజే కదిలించండి.