పూర్వకాలపు ఉడుపులు - మన సూదిపని
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఇట్టి మహాసభలయందు కులోత్పత్తిని గూర్చియు, కులగురువులను గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. ఆ విషయమును మాకంటె బాగుగ నెఱిగినవా రీ వేదికపై నున్నారు. కావున మొట్టమొదట సూదిని చేతబట్టిన దెవ్వరను ప్రశ్నను మేము విడిచి, ఆ సూదితో మన పూర్వు లేమి కుట్టిరి, ఎట్లు కుట్టిరి, అట్టి యుడుపును నేడు మరల యథాతథముగ కుట్టుట యెట్లు అను విషయమును మాత్రమే మీ యెదుట నుంచ దలచితిమి. మేర కులజులమగు మనకు ఇంతకంటె స్వంతమైన చరిత్ర వేఱొకటి లేదని మా యభిప్రాయము.

నాటకసమాజములవారును, చలనచిత్రములవారును, జయంత్యుత్సవములు జరుపువారును మనయొద్దకు వచ్చి "కృష్ణదేవరాయల వేషము కుట్టిపెట్టుడు" అని కోరుచుందురు. తళుకుగుడ్డ, గాజుపూసలు, జరీపట్టీ, వీపున నొక జిప్పు - ఈ నాలుగును గూడిన రాయలవేష మైపోవుచున్నది. చూచువారు కరతాళధ్వనులు చేయుదురు. పిల్లలు దానినే చరిత్రయని నమ్ముదురు. గ్రంథకర్త వ్రాసిన తప్పును మఱియొక గ్రంథకర్త ఖండించును. దర్జీ కుట్టిన తప్పును ఖండించువా రెవ్వరు? కావున ఈ భారము మనదే.

మన దేశమున పూర్వము కుట్టిన గుడ్డయే లేదనియు, కత్తెరయు సూదియు తురుష్కులతో వచ్చినవనియు కొంద ఱందురు. సర్వమును మనదే, పరులనుండి మనము గైకొన్న దేదియు లేదని వేఱుకొంద ఱందురు. ఈ రెండును కుట్టు నిలువని మాటలు.

అమరకోశమున కుట్టుపనివానికి తున్నవాయుడు, సౌచికుడు అను పేరులు గలవు. కంచుకము, కూర్పాసకము అనునవి కుట్టిన యుడుపుల పేరులే. మథురాప్రాంతమున దొఱకిన కనిష్కుని శిలావిగ్రహమునకు శిరస్సు లేకున్నను, మోకాళ్లు దాటిన అంగీ స్పష్టముగ నున్నది. 5వ శతాబ్దినాటి అజంతా చిత్రములయందు చేతులుగల అంగీలు తొడిగినవారు కానవచ్చుచున్నారు. కావున సూదిపని మన దేశమునకు క్రొత్తది కాదు.

అయినను విజయనగరపు కొలువున మర్యాదయుడుపులుగా నుండిన కబాయి, కుళ్ళాయి యను వాని పేరులు మన భాషలో పుట్టినవి కావు. కబాయి యనునది అరబ్బీ 'కబా' నుండియు, కుళ్ళాయి యనునది పారసీక 'కులాహ్' నుండియు వచ్చినవి. శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువునందును కుళ్ళాయి ప్రసక్తి గలదు. 1996లో ఫిలిప్ వాగనర్ అను అమెరికా పండితు డీ యుడుపులను గూర్చి యొక వ్యాసము ప్రకటించి, విజయనగరపు రాజులు తమ ధర్మమును విడువకయే, నాటి విశాలప్రపంచపు రాజమర్యాదలలో పాలుగొనుటకై వీనిని స్వీకరించిరని నిరూపించెను. ఇందు మనకు సిగ్గుపడవలసిన దేమియు లేదు. పేరు పరదేశమునుండి వచ్చినను, ఆ యుడుపును ఈ దేశపు వేడిమికి, ఈ దేశపు నూలునకు తగినట్లు కుట్టినవారు ఈ దేశపు పనివారలే కదా!

ఇక పరిశోధనామార్గమును విన్నవించెదము. పూర్వపు టుడుపునకు సాక్షులు ముగ్గురు: బొమ్మ, వ్రాత, గుడ్డ. ఈ మువ్వురలో నే యొక్కనిని నమ్మి కత్తెర పట్టరాదు.

బొమ్మకు లేపాక్షి మనకు పెన్నిధి. హిందూపురమునకు చేరువనున్న వీరభద్రాలయపు కప్పుచిత్రములు అచ్యుతదేవరాయల కాలము (1529-1542) నాటి విరూపన్న, వీరన్న యను సోదరుల పేరుతో ముడిపడియున్నవి. ఆ సోదరులు పరివారసహితముగ, పొడవైన కుళ్ళాయిలు ధరించి వీరభద్రునికి మ్రొక్కుచున్నట్లు వ్రాయబడి యున్నది. స్త్రీల చీరల చారలను, పువ్వులను, అంచులను నేటికిని నేతగాండ్రు చూచి అనుకరించుచున్నారు. కాని చిత్రకారుడు రంగును చూపును, గుడ్డ వ్రేలాడు తీరును చూపును. కుట్టు ఎచ్చట పడినదో చూపడు. వీపు నసలే చూపడు.

బొమ్మ యొక్కదానినే నమ్మిన మఱియొక చిక్కు గలదు. తిరుమల యాలయమున తిరుమలదేవీ చిన్నాదేవులతో చేతులు జోడించి నిలిచిన రాయల లోహవిగ్రహమున తలపై కుళ్ళాయి గలదు. పైమేన అంగీ లేదు. 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన పోర్చుగీసు వర్తకుడు దోమింగో పేయిస్, రాయలు బంగారు గులాబీపువ్వులుగల తెల్లని వస్త్రములు ధరించెననియు, తలపై జరీకుళ్ళాయి యుండెననియు, పాదములకు చెప్పులు లేవనియు వ్రాసియున్నాడు. ఈ రెండును సత్యమే. ఒకటి దేవుని సన్నిధి. రెండవది రాజు కొలువు. కావున రాయ లేమి ధరించెనని యడుగరాదు. ఏ తావున, ఏ వేళ ధరించెనని యడుగవలెను. ఆ పువ్వులు మగ్గముపై నేసినవో, సూదితో కుట్టినవో చూచిన బాటసారికి తెలియు టరిది. అందుచేత వేషము కుట్టించువాడు "బంగారుపువ్వులు" అనగానే మనము మగ్గముపనికి కొక్కెపుసూది నెత్తుకొనరాదు.

వ్రాతయు నిట్లే మోసపుచ్చును. 1443లో పారసీక రాయబారి అబ్దుర్ రజాకు విజయనగరమునకు వచ్చి, రెండవ దేవరాయల యుడుపును 'జైతూనీ' పట్టుకబా యని వర్ణించెను. అరబ్బీలో జైతూన్ అనగా ఒక కాయ. దాని రంగు పచ్చ. కావున నొక యాంగ్లానువాదకుడు ఆకుపచ్చని సాటినని వ్రాసెను. కాని చీనాదేశమున పట్టునకు పేరొందిన ఒక రేవుపట్టణమును గూడ అరబ్బు లానాడు జైతూన్ అనియే పిలిచెడివారు. అందుచే మఱియొక యనువాదకుడు ఆ మాట నట్లే నిలిపెను. మొదటి యర్థమైన రాజుయంగీ పచ్చనిది. రెండవ యర్థమైన చీనాపట్టుది, దాని రంగు మనకు తెలియదు. ఒక్క మాట యర్థము తెలియక పదిగజముల పచ్చపట్టు కోయుట యెంత సాహసమో యోచింపుడు!

అయితే మన పనికి సూటిగ నుపకరించు వ్రాతలును గలవు. అక్బరు కొలువున అబుల్ ఫజలు వ్రాసిన అయినీ అక్బరీయందు 'తకౌచియా' యను అంగీకి 7 గజముల 7 గిరాల గుడ్డయు, కట్టునాడాలకు 5 గిరాలును పట్టునని యున్నది. సాదా యంగీకి కుట్టుకూలి 1 రూపాయి మొదలు 3 రూపాయలు. అలంకారపుకుట్టు గలదానికి 4¾ రూపాయలవఱకు. అది పూర్వము ఎడమప్రక్క ముడివేయబడుచుండగా, అక్బరు కుడిప్రక్కకు మార్చి, చీలికలు మాన్పి, గుండ్రని ఘేరా పెట్టించెనట. ఇది ఉత్తరదేశపు మాట. దీనిని విజయనగరమునకు అంటగట్టరాదు. కాని అట్టి ఘేరా ఎంత గుడ్డ మ్రింగునో, పనితనమునకు నాడెంత విలువ యుండెనో దీనిచే తెలియుచున్నది.

మూడవసాక్షి గుడ్డ. మన యుష్ణదేశమున చెదలకును, చెమ్మకును దప్పించుకొని నిలిచిన ప్రాచీనపు కుట్టుడుపులు మిక్కిలి యరుదు. విచిత్రమేమనగా, మన దేశపు మధ్యయుగపు టద్దకపుగుడ్డల తునుకలు ఐగుప్తుదేశపు ఎండుమన్నులో, ప్రాతకైరోయగు ఫుస్తాతున దొఱకినవి. ఘూర్జరదేశమునుండి ఓడలపై పోయిన ఆ నూలుగుడ్డలు నేడు ఆక్సుఫర్డు ప్రదర్శనశాలలో వేయికి పైగా గలవు. కొన్నిటికి నాటి కుట్టును నేటికిని నిలిచియున్నది.

గుడ్డ దొఱకినచో పరిశోధకు లెంత యెఱుగగలరో చెప్పుటకు శీతదేశపు దృష్టాంత మొకటి చాలును. 1921లో డెన్మార్కు పండితుడు పౌల్ నార్లుండ్ గ్రీన్లాండునందలి హెర్యొల్ఫ్స్నెస్ అను చోట పాతచర్చి శ్మశానమును త్రవ్వగా, గడ్డకట్టిన నేలలో ఉన్ని యంగీలును, తలగుడ్డలును బయల్పడినవి. అవి పెట్టెలలో గాక యుడుపులలోనే చుట్టి పూడ్చిన సామాన్యప్రజలవి. ఏ ప్రభువునివియు గావు. ఆ యంగీలను పోగుపోగుగ పరీక్షించి, ఎల్సె ఓస్టర్గోర్ద్ అను విదుషీమణి 2004లో గ్రంథము ప్రకటించెను. పిమ్మట వాని కోతకొలతలును అచ్చైనవి. వాటి నడుమను, ప్రక్కలను ముక్కోణపు ముక్కలు చొప్పించి ఘేరా కల్పించిరి. గుడ్డ వృథా కాకుండుటకే యీ యుపాయము. మన పెద్దలు కలీలు పెట్టి అంగరఖాలు కుట్టినదియు నీ బుద్ధిచేతనే. ఎన్నడును ఒకరినొకరు చూడని రెండు దేశముల దర్జీలకు, గుడ్డ వెల యెఱిగిన కత్తెర యొక్కటే గురువైనది.

ఇక కుట్టునపుడు పాటింపవలసిన నియమములు కొన్ని. మొదటిది పన్నా. చేమగ్గపు పన్నా నెఱుగక, నేటి వెడల్పుగుడ్డను కోసినచో అతుకులు తప్పుచోట పడును. రెండవది నూలు. శ్రీకాకుళమండలపు పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వి సన్ననూలు వడకు విద్య గలదు. యంత్రపునూలుగుడ్డ అట్లు వ్రేలాడదు. మూడవది రంగు. రసాయనపురంగు 1856లో ఇంగ్లాండున పుట్టినది. అంతకుముందు ఎఱుపునకు చిఱివేరు, నీలమునకు నీలిమందు. నాలుగవది కుట్టు. కుట్టుయంత్రము 19వ శతాబ్దిది. కాబట్టి పైకి కనబడు ప్రతికుట్టును చేతితోనే పడవలెను. ఐదవది జరీ. బంగారుపూత పూసిన వెండితీగను నలగగొట్టి పట్టుపోగునకు చుట్టినది జరీ. నేటి ప్లాస్టికుతళుకు అట్లు మెఱయదు.

ఇది యంతయు వ్యయప్రయాసలతో గూడినది. పోషకమహాశయులకు మా మనవి యేమనగా: చేతికుట్టు వేషమును కోరునపుడు యంత్రపుకూలి నీయకుడు. అక్బరు కొలువున అలంకారపుకుట్టునకు అదనపుకూలి యుండెను గదా!

కులబాంధవులకు మా మనవి యింతకంటె ముఖ్యమైనది. "పాతజరీ కొందుము" అని వీథులలో కేకలు వేయువారి నందఱు నెఱుగుదురు. వారు కొన్న చీరలను, రవికలను వెండికొఱకు కాల్చివేయుదురు. చారెడు వెండికై మూడుతరముల పనితనము బూడిదయగుచున్నది. ఎచ్చటనో గ్రీన్లాండు మంచు పేదల చినిగిన యంగీలను అయిదువందల యేండ్లు కాపాడెను. మన యింటి పెట్టె మన తాతల యంగీని ఏబదియేండ్లు కాపాడలేదా? ప్రాతయుడుపును అమ్మకుడు, చింపకుడు. మడతలు పెట్టక చుట్టి, ఉతికిన తెల్లనూలుగుడ్డలో నుంచుడు. అమ్మక తప్పని కష్టము వచ్చినచో, ముందుగా దాని కొలతలు వ్రాసి, లోపలికుట్టుతో గూడ ఛాయాచిత్రములు తీసి సంఘమునకు పంపుడు. మీ యింటి వృద్ధులకు తెలిసిన కుట్టులను, వారనెడి పేరులతోనే, పుస్తకమున కెక్కింపుడు. ఆ పేరులు ఏ నిఘంటువునను లేవు, వారితోడనే పోవును.

ఈ మహాసభ యీ విషయమున నొక తీర్మానము గావించి, జిల్లాకొక పెట్టెయైనను ఏర్పఱచిన, ముందుతరమువారు మన చరిత్రను పరుల గ్రంథములలో వెదకనక్కఱలేదు.